మూడు స్క్రూలు, మూడు వైర్లు

మార్లిస్ త్వెయిట్ ఇంట పుస్తకగోష్ఠి జరిగిన ప్రతిసారీ రెండో కప్పు కాఫీ పోసేలోపే సభ ముగిసిపోయేది. చర్చి మహిళాసంఘంలో చదువుమీద ఆసక్తి ఉన్నదని చెప్పుకునే ఆరుగురు, నెలకొకరి ఇంట్లో చొప్పున కూడుకోవడం ఏళ్లనాటి ఏర్పాటు. ఆర్డెల్ ఇంట్లో సభ మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా సాగేది. వెర్నా ఇంట్లో నుంచి భర్తలు ఫోన్లు చేసి పిలిస్తే తప్ప ఎవరూ కదిలేవారు కారు. మార్లిస్ ఇంట్లో మాత్రం అందరికీ ఒక్కసారే పొయ్యిమీద పెట్టివచ్చిన కూర గుర్తుకొచ్చేది, మనవళ్లకు జలుబు చేసేది, రోడ్లమీద మంచు పడబోతున్నట్టు తోచేది. ఒక జూన్ నెలలో కూడా ఒకావిడ మంచు సంగతి ఎత్తింది.

మార్లిస్ హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరయిన మనిషి. ఏ పుస్తకమైనా అట్ట నుంచి అట్ట దాకా చదివి, తన అభ్యంతరాలన్నీ అంచుల్లో పెన్సిలుతో రాసుకుని మరీ సభకు సిద్ధమయ్యేది. ఆ అభ్యంతరాలకు జడిసే వాళ్లు పారిపోతున్నారని ఆమె చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకంలో కొంత గర్వం కూడా ఉండేది. అసలు కారణం అంతకన్నా చాలా అల్పమైనది.

కారణం బాత్రూము. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. దాని తలుపు భోజనాలబల్లకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. లోపల కిటికీ లేదు, ఫ్యాను లేదు, గోడ పేరుకు మాత్రమే గోడ. లోపలున్నవారు గొంతు సవరించుకుంటే, తమనే పిలిచారనుకుని బయటివారు పంచదార గిన్నె అందించబోయేవారు. అరవై దాటిన ఆడవాళ్లు, రెండు కప్పుల కాఫీ, అలాంటి తలుపు: ఈ మూడూ ఒకచోట కూడబోయినప్పుడు అమెరికాలోని ఆ మిన్నెసోటాలో మర్యాదస్తులకు ఇంటిదారి పట్టడం ఒక్కటే మార్గం. నోరు తెరిచి చెప్పడమనే రెండో మార్గం అక్కడ ఎవరికీ తట్టదు. ఎంత రోతగా ఉన్న వస్తువునైనా అక్కడ "కొత్తరకంగా ఉందే" అంటారు. ఎంత గొప్ప సంతోషాన్నైనా "ఫరవాలేదు" అంటారు. ఆ రెండు మాటల మధ్య ఒక జీవితం మొత్తాన్ని గడిపి, గౌరవంగా సమాధిలోకి దిగుతారు.

మార్లిస్‌కు ఈ సంగతి తెలిసింది కూడా మర్యాదలో జరిగిన ఒక లోపం వల్లనే. పాస్టరుగారి భార్యగా ఊరందరి పెద్దరికం అనుభవించి, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్న మిసెస్ నిగార్డ్‌కు చెముడు. అక్టోబరులో ఒక ఆదివారం చర్చి నేలమాళిగలో ఆవిడ వెర్నా చెవిలో రహస్యం చెప్పబోయింది.

"వచ్చేనెల మార్లిస్ ఇంట్లోనా? నావల్ల కాదు తల్లీ! ఆ బాత్రూములో కూచుంటే బల్లమీద ఎక్కి కూచున్నట్టే ఉంటుంది!"

ఆ రహస్యం మార్లిస్‌కే కాదు, వంటగదిలో కప్పులు కడుగుతున్న మగవాళ్లదాకా వినిపించింది. ఆ సాయంత్రమే సంఘానికి అనధికార సారథి అయిన ఆర్డెల్ ఫోన్ చేసింది.

"నవంబరు నీ వంతు కదా మార్లిస్. నీకెందుకులే శ్రమ, దాటేద్దామా అని."

"నాకు శ్రమేం లేదు."

"ఈ ఒక్కసారే అని కాదు. ఇకమీదట కూడా. నీ వంతు మేమే తలా కాస్త పంచుకుంటాం. సర్లే, శ్రమ లేదన్నావుగా, ఈసారికి కానీ. ఇది కూడా తొందరగా అయిపోతే మాత్రం... చూద్దాం మరి."

"చూద్దాం" అన్నది అక్కడ తీర్పు. నవంబరు సభ నిలవకపోతే మార్లిస్ వంతు శాశ్వతంగా పోతుంది. పైగా నవంబరుకు నిర్ణయించిన పుస్తకం, రెండేళ్లు పోరాడి ఆమె ఒప్పించుకున్న నవల: సముద్రపు ఒడ్డున ఓడలకు దారిచూపే దీపస్తంభం కాపలాదారు భార్య కథ, వెయ్యికి పైగా పుటలు. దాన్ని ఒక కప్పు కాఫీలో ముగించడమంటే ఆమె దృష్టిలో అది నేరం.

ఆమె ఫోన్ పెట్టేసి భర్త ఎదుటకు వెళ్లి నిలబడింది. అర్విడ్ గ్యారేజీలో గాలపు దారం చిక్కు తీసుకుంటున్నాడు.

"బాత్రూముకి ఫ్యాను కావాలి. గాలిని బయటికి లాగేది. బాగా మోత చేసేది."

"మోత చెయ్యనివి వచ్చాయిట ఇప్పుడు."

"నాకు మోతే కావాలి అర్విడ్. గాలి సంగతి నాకనవసరం."

పక్కింటి లైల్ జీవితమంతా కరెంటు పనిచేసినవాడు. అర్విడ్ కొత్త ఫ్యాను పెట్టెతో కారు దిగడం చూసి కంచె దగ్గరకు వచ్చాడు. అక్కడి మర్యాద ప్రకారం ఎవరైనా సాయం చేస్తామంటే రెండుసార్లు కాదనాలి, మూడోసారి ఔననాలి. మొదటిసారే ఒప్పుకున్నవాడిని ఆశపోతు అంటారు.

"వైరు నేను లాగి పెడతాలే," అన్నాడు లైల్.

"అబ్బే, నీకెందుకయ్యా," అన్నాడు అర్విడ్.

"ఖాళీగానే ఉన్నాగా. శనివారం వస్తా."

"వద్దులే, నీ శనివారం పాడుచేసుకోకు."

లైల్ మూడోమాట కోసం నోరు తెరిచాడు. సరిగ్గా ఆ క్షణానే అతని కుక్క పట్టీ తెంచుకుని ఉడత వెంట పరుగెత్తింది. లైల్ కుక్క వెంట పరుగెత్తాడు. మూడోమాట ఆ ఉడతతోపాటు చెట్టెక్కింది.

"వెళ్లి అడుగు," అంది మార్లిస్.

"ఎట్లా అడుగుతా? మూడోసారి అతను అననే లేదుగా!"

"కుక్క పారిపోయింది కాబట్టి అనలేదు."

"ఏమో. కుక్కని సాకుగా పెట్టుకున్నాడేమో. చెయ్యాలని ఉంటే అరుస్తూ అన్నా అనేవాడు పరిగెత్తుతూ."

ఈ వాదంలోని అసంబద్ధతను మార్లిస్ అంశాల వారీగా వివరించింది. అర్విడ్ అన్నిటికీ తలాడించి, శనివారం పొద్దున నిచ్చెన తెచ్చుకున్నాడు.

ఫ్యానుతో వచ్చిన సూచనల పుస్తకాన్ని మార్లిస్ చదివింది, అర్విడ్ చదవలేదు. ఆమె అందులో కొన్ని వ్యాకరణ దోషాలు, ఒక ముఖ్యమైన హెచ్చరిక పట్టుకుంది: గొట్టం అటకలో వదిలేయకుండా ఇంటి బయటకు తీయాలి, లేకపోతే ఆవిరంతా అటకలో చేరి చెక్క కుళ్లుతుంది. ఆ హెచ్చరికను ఆమె గట్టిగా చదివి వినిపించడంవల్ల గొట్టం మాత్రం సక్రమంగా గోడ దాటి బయటపడింది. వైర్ల అధ్యాయం చదవబోతే అర్విడ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వైరు సంగతి నాకు తెలుసులే. మా నాన్న కొట్టానికి వైరు లాగినప్పుడు నేను పక్కనే ఉన్నా."

"ఆ కొట్టం కాలిపోయింది."

"అది పిడుగుపడి."

అతను మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, అటక ఎక్కి, చలి దిగకుండా పరిచిన గులాబిరంగు గాజుదూదిలో మోకాళ్లమీద పాకుతూ వెళ్లాడు. గోడ లోపలి బోలుగుండా వైరును కిందికి దించడానికి పనివాళ్లు వాడే ఉక్కుపట్టీ ఒకటి ఉంటుంది. అర్విడ్ దాన్ని కొనలేదు. గడ్డకట్టిన సరస్సుమీద రంధ్రం తొలిచి చేపలు పట్టే చిన్న గాలపుకర్ర తెచ్చుకుని, దారం కొసన సీసపు గుండు కట్టి, గోడలోకి జారవిడిచాడు. కింద బాత్రూములో, స్విచ్చి కోసం కోసిన కంత ముందు, మార్లిస్ లేసు అల్లే కొక్కెపు సూది పట్టుకుని కూర్చుంది.

"తగిలిందా?" అని పైనుంచి కేక.

"లేదు."

"ఓపిక పట్టాలి. తొందరపడితే పోతుంది."

"పోవడానికి అది చేప కాదు, సీసం."

"మాట్లాడకు. బెదురుతుంది."

అరగంటకు గుండు ఆమె సూదికి చిక్కింది. దారం లాగగానే పైన అర్విడ్ అలవాటుకొద్దీ గాలం ఎగరేశాడు. సూది ఆమె చేతిలోంచి ఎగిరి గోడలోకి పోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది. రెండో ప్రయత్నంలో దారం వెంట వైర్లు దిగాయి.

అప్పుడు జరిగిన పొరపాటు చాలా చిన్నది, చాలా చక్కనిది. అర్విడ్ కరెంటు కోసం అటకలో దొరికిన వైరును కోశాడు. అది భోజనాలగది, వంటిల్లు, ముందుగది దీపాలకు పోయే వైరు. అందుచేత స్విచ్చి దగ్గరకు మూడు కొసలు వచ్చాయి: కరెంటు తెచ్చేది ఒకటి, ఆ గదులకు తీసుకుపోయేది ఒకటి, ఫ్యానుకు పోయేది ఒకటి. మామూలు స్విచ్చికి రెండు స్క్రూలే ఉంటాయి. మొదటి రెండు కొసల్ని కలిపి మెలిపెట్టి, ఆ ముడి నుంచి స్విచ్చికి ఒక ముక్క ఇవ్వాలి. కానీ అర్విడ్ కాఫీడబ్బాలో దాచుకున్న పాత స్విచ్చి, మెట్లమీది దీపాన్ని పైనుంచీ కిందనుంచీ కూడా వెలిగించడానికి వాడేది. దానికి మూడు స్క్రూలు.

"మూడు స్క్రూలు, మూడు వైర్లు!" అన్నాడు అర్విడ్, సృష్టిలో ఒక క్రమం ఉన్నదని తెలుసుకున్నవాడి గొంతుతో. "కొలిచి చేసినట్టుంది."

ఆ రకం స్విచ్చి వచ్చిన కరెంటును రెండు దారుల్లో ఏదో ఒకదానికే పంపుతుంది. కాబట్టి ఆనాటినుంచి త్వెయిట్ దంపతుల ఇంట్లో ఫ్యాను తిరగవచ్చు, లేదా దీపాలు వెలగవచ్చు. రెండూ కలిసి జరగవు. మిట్టమధ్యాహ్నం అర్విడ్ ఫ్యాను వేసి చూశాడు, తిరిగింది. ఆపేసి వెళ్లి దీపాలు వేసి చూశాడు, వెలిగాయి. మార్లిస్ ఫ్యాను మోత విని, చిన్న విమానం లేచినట్టున్నదని తృప్తి పడింది. ఆ మోత అతిథుల కోసమే కనుక సభదాకా దాన్ని మళ్లీ ఎవరూ వేయలేదు.

నవంబరు సభరోజు, గురువారం సాయంకాలం అయిదుగురూ వచ్చారు: ఆర్డెల్, వెర్నా, మిసెస్ నిగార్డ్, ఇద్దరు లుండ్ అక్కచెల్లెళ్లు. బయట అప్పటికే చిమ్మచీకటి. అర్విడ్‌ను గ్యారేజీకి పంపేశారు. మార్లిస్ పుల్లటి రూబార్బ్ కాడల కేకు కోసి, కాఫీ పోసి, ఏదో గుర్తొచ్చినట్టు అంది:

"బాత్రూములో ఫ్యాను పెట్టాం."

బల్లచుట్టూ ఎవరూ తలెత్తలేదు.

"ఓ. ఫ్యానా," అంది ఆర్డెల్. "మోత చేస్తుందా?"

"ఘోరంగా."

"ఫరవాలేదే," అంది ఆర్డెల్. అయిదు కప్పులు ఒక్కసారి మార్లిస్ వైపు జరిగాయి. ఆ ఇంటి చరిత్రలో మొదటిసారి రెండో విడత కాఫీ పోశారు.

అందరూ నవలలో వర్ణనలు బాగున్నాయన్నారు. తర్వాత మరికాస్త వర్ణనలు బాగున్నాయన్నారు. మార్లిస్ తన పెన్సిలు అభ్యంతరాలు విప్పబోతుండగా వెర్నా లేచి, చెయ్యి కడుక్కొస్తానంటూ వెళ్లింది. తలుపు మూసుకుంది. టక్కుమన్నది. ఫ్యాను గర్జించింది. ఇల్లంతా ఆరిపోయింది.

బాత్రూము తలుపు కింద పచ్చటి గీత ఒక్కటి మిగిలింది. ఎవరూ అయ్యో అనలేదు. ఆతిథ్యమిచ్చిన ఇంట్లో దీపాలారిపోయాయని ఎత్తిచూపడం అమర్యాద.

"పొద్దు తొందరగా పోతోంది ఈమధ్య," అంది లుండ్ వాళ్లలో పెద్దామె.

"నవంబరు కదా," అంది చిన్నామె.

కాసేపటికి టక్కుమన్నది, దీపాలు వెలిగాయి, వెర్నా బయటకు వచ్చింది. అందరూ కేకును పరిశీలిస్తున్నారు. వెంటనే మిసెస్ నిగార్డ్ లేచింది, తలుపు మూసుకుంది, మళ్లీ చీకటి. ఈసారి అందరికీ అర్థమైంది.

ఇంతకుముందు బాత్రూముకు వెళ్లినవారి సంగతి చెవులకే తెలిసేది. ఇప్పుడు ఎవరు ఎప్పుడు వెళ్లారో, ఎంతసేపు ఉన్నారో, ఎప్పుడు వచ్చారో వీధిలో పోయేవారికి కూడా దీపాలార్పి వెలిగించి మరీ చాటిస్తున్నట్టయింది. చీకట్లో ఆర్డెల్ రెండు అరచేతులూ మోకాళ్లమీద చరుచుకున్న చప్పుడు వినపడింది. అది ప్రయాణానికి నాంది.

"సరే మరి..." అని మొదలుపెట్టింది ఆర్డెల్.

"నేనీ పుస్తకం చదవలేదు," అంది చీకట్లో ఒక గొంతు.

అది వెర్నా గొంతు. ఆమె మొహం కనబడదు, ఎదుటివారి మొహాలు ఆమెకు కనబడవు.

"నలభయ్యో పేజీలో వదిలేశా. అప్పటికింకా ఆ మనిషి మెట్లెక్కుతూనే ఉన్నాడు. నాకు మోకాళ్లు నొప్పులొచ్చాయి."

"నాకైతే వాడు చచ్చిపోతే బాగుండనిపించింది," అంది లుండ్ పెద్దామె.

"చచ్చిపోతాడు," అంది చిన్నామె.

"ఎప్పుడు?"

"ఆరొందలో పేజీలో."

"అంతదాకా భరించిందా ఆ పిచ్చిది!"

"పిచ్చిది కాదు," అంది ఆర్డెల్, కూర్చున్నచోటే సర్దుకుని. "ఆవిడే చంపింది. వాడు మెట్లమీద ఉండగా దీపం ఆర్పింది ఆవిడే, మీకెవరికీ బుర్రలేదు."

ఇన్నేళ్లలో ఆ బల్లమీద ఎవరూ ఎవరి బుర్ర గురించీ మాట్లాడి ఎరగరు.

టక్కుమన్నది. వెలుగు వచ్చింది. మిసెస్ నిగార్డ్ బయటకు వచ్చి అందరినీ చూసింది.

"ఏమైంది? అందరూ ఎర్రగా ఉన్నారు?"

"ఏం లేదండీ," అంది వెర్నా. "వర్ణనల గురించి."

ఆ వెలుగులో వర్ణనలు తప్ప మరేదీ ఎవరి నోటా రాలేదు. మార్లిస్ స్వయంగా ప్రయత్నించింది: దీపం భార్యే ఆర్పిందా అని ఆర్డెల్‌ను అడిగింది. "అలా కూడా అనుకోవచ్చేమో," అంది ఆర్డెల్, చేతిరుమాలు మడతపెడుతూ. ఒక్క క్షణం అందరూ బాత్రూము తలుపు వైపు చూశారు. లుండ్ పెద్దామె కుర్చీ వెనక్కి తోసింది.

"నేనొకసారి వెళ్లొస్తా," అంది, మంటల్లోకి దూకబోయే వీరురాలిలా.

దీపాలారాయి. బల్ల భగ్గుమంది. వెర్నా, చదవని పుస్తకంమీద, చదివిన వారందరికన్నా గట్టిగా వాదించింది. మిసెస్ నిగార్డ్ తన వైవాహిక జీవితంలో దీపం ఆర్పాలనిపించిన సందర్భాలు రెండు చెప్పింది. రహస్యంగా చెప్పినందున అవి గ్యారేజీదాకా వినిపించాయి. పళ్లెంలో చివరి కేకుముక్క ఉంది. ఆ ఊళ్లో చివరి ముక్కను ఎవరూ తీసుకోరు, సగం కోస్తారు, ఆ సగంలో సగం కోస్తారు, రవ్వ మిగిలేదాకా కోస్తారు. చీకట్లో అది నిండుముక్కగా మాయమైంది. మార్లిస్ మూడో అభ్యంతరం మొదలుపెట్టగానే, "నీ లాటిన్ నీ దగ్గరే ఉంచుకో, ఆవిడ పెళ్లాం, నువ్వు పంతులమ్మవి!" అంది ఆర్డెల్. అంతటి ఆనందం మార్లిస్‌కు పదవీవిరమణ తర్వాత కలగలేదు.

ఆ ఉత్సాహంలోనే ఆమె అనేసింది: "నాలుగేళ్లుగా మీరంతా ఆ బాత్రూముకి భయపడే నా ఇంట్లోంచి పారిపోయారు. మంచు అని, కూర అని. జూన్‌లో మంచేమిటి?"

"జూన్‌లో అన్నది నేనే," అంది వెర్నా చిన్నగా. "అప్పటికి ఇంకేం తోచలేదు."

"నా వంతు తీసేద్దామన్నది కూడా అందుకే," అంది మార్లిస్.

"అందుకే," అంది ఆర్డెల్ గొంతు. "ఇంకా తేల్చలేదు. సభ అవనీ."

అప్పుడే గ్యారేజీ వైపు తలుపు తెరుచుకుని టార్చిలైటు లోపలికి వచ్చింది. దాని వెనక అర్విడ్ వచ్చాడు. వెలుగు మొహాలమీద పడగానే మాటలాగిపోయాయి. అతను చీకటిని చూశాడు, ఫ్యాను విన్నాడు, తలుపు కింద గీత చూశాడు. కాఫీడబ్బాలోని స్విచ్చి కళ్లముందు మెదిలినట్టుంది, అతని చెవులు కందిపోయాయి.

"క్షణంలో సరిచేస్తా," అన్నాడు.

"ఎందుకులే అర్విడ్," అన్నారు ఇద్దరు.

"మెయిన్ ఆపేసి రెండు వైర్లు కలపడమే."

"నీకెందుకయ్యా శ్రమ," అన్నారు నలుగురు.

రెండుసార్లు కాదన్నారు కాబట్టి నిజంగా కావాలంటున్నారని గ్రహించి, అర్విడ్ మెయిన్ వైపు నడిచాడు. మార్లిస్ లేచి నిలబడింది.

"ఆ వైరుని ముట్టుకుంటే నిన్ను ఆ గాలపుకర్రతోనే అటకలోంచి లాగుతాను. ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. టార్చి ఆర్పి గ్యారేజీలోకి నడు."

అర్విడ్ టార్చి ఆర్పి గ్యారేజీలోకి నడిచాడు.

లుండ్ చిన్నామె, ఆర్డెల్ తమ వంతులు నిర్వర్తించి వచ్చారు. తర్వాత దీపాలు వెలిగే ఉండిపోయాయి. అతిథుల్లో వెళ్లవలసిన వారెవరూ మిగల్లేదు. రెండోసారి వెళితే అనారోగ్యమనుకుంటారు. వాతావరణం ఒకసారి ప్రస్తావనకు వచ్చింది. వర్ణనలు మళ్లీ బాగుపడ్డాయి. ఆర్డెల్ చేతులు మోకాళ్లవైపు ప్రయాణం మొదలుపెట్టడం మార్లిస్ చూసింది.

"నేను బాత్రూముకి వెళుతున్నాను," అంది ఆమె, చెయ్యి కడుక్కోవడం, పౌడరు అద్దుకోవడం వంటి అబద్ధం ఏదీ తోడు తీసుకోకుండా.

లోపల గడియపెట్టి స్విచ్చి వేసి, తొట్టి అంచుమీద కూర్చుంది. ఫ్యాను గర్జించింది. ఆమె చెవిని తలుపుకు ఆనించింది. ఏమీ వినపడలేదు, మోత కావాలని పట్టుబట్టి కొన్న ఫ్యాను అది, తన ధర్మం తాను నెరవేరుస్తున్నది. తలుపవతల తాను రెండేళ్లు పోరాడి తెచ్చిన నవలను తన బల్లమీదే, తను లేకుండా, తప్పుల తడకగా వ్యాఖ్యానిస్తున్నారు. ఆరొందలో పుటను ఆర్డెల్ ఏం చేస్తున్నదో ఊహించుకుంటేనే ఆమెకు ఒళ్లు మండింది. స్విచ్చి ఆపితే బయటకు పోవచ్చు, కానీ అప్పుడు వినడానికి బయట ఏమీ ఉండదు.

ఆమె లేచి, అలవాటుగా స్విచ్చిమీద చెయ్యి వేసింది. మనిషిలేని గదిలో స్విచ్చి వదిలేయడం ఆమె పుట్టింట్లో లేదు, మెట్టినింట్లో లేదు, ఆ ఊరిలోనే లేదు. పాత తరాలు ఎంత చలిలోనూ వెనక్కి వెళ్లి ఆపి వచ్చేవి. మార్లిస్ చెయ్యి తీసేసింది. బాత్రూము దీపం మాత్రం ఆర్పి, ఫ్యానును తిరగనిచ్చి, తలుపు దగ్గరగా వేసి, బల్ల అంచు తడుముకుంటూ వచ్చి కూర్చుంది.

వాదం ఆగిపోయింది. కుర్చీ చప్పుడు అందరికీ వినపడింది. ఫ్యాను ఖాళీగదిలో గర్జిస్తూనే ఉంది.

"మార్లిస్," అంది ఆర్డెల్, ఎవరో పోయారని చెప్పేటంత మెల్లగా, "స్విచ్చి ఆపడం మర్చిపోయావు."

"మర్చిపోలేదు."

బల్లమీద ఒక కప్పు జరిగిన చప్పుడు వినబడింది, ఆ కప్పు మార్లిస్ చేతికి వచ్చి తగిలింది.

"అయితే నాకింకో కప్పు పొయ్యి," అంది ఆర్డెల్. "డిసెంబరు నా వంతు. అదీ ఇక్కడే పెట్టుకుందాం. మా ఇంట్లో దీపాలు ఆరవు."

మార్లిస్ కప్పు అంచుమీద వేలు పెట్టుకుని, వేలికి వేడి తగిలేదాకా కాఫీ పోసింది.

"ముందు ఆరొందలో పేజీ గురించి నువ్వన్న మాట వెనక్కి తీసుకో," అంది.